పాసుపోర్టు తాకట్టు వస్తువు కాదు

గత కొన్ని సంవత్సరములుగా మన షోలాపురమునందలి తెలుగు కుటుంబములలో నొక క్రొత్త అలవాటు బయలుదేరినది. వెనుక సెలవులు వచ్చినచో తిరుపతికో, శ్రీశైలమునకో, మేనమామ యింటికి కరీంనగరమునకో పోవుచుండిన మన పిల్లలు, ఇప్పుడు డిసెంబరు మాసము సమీపించుసరికి థాయిలాండు దేశమునందలి ఫుకెట్ ద్వీపమునకు టిక్కెట్లు కొనుచున్నారు. 2023 నవంబరులో ఆ దేశ ప్రభుత్వము భారతీయులను వీసా లేకుండ రానిచ్చుటకు ఆరంభించినది మొదలు ఈ ప్రయాణములు మరియు పెరిగినవి. (ఈ నియమములు తరచు మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు విచారించుకొనుట అవసరము.) ముంబయిలో విమానమెక్కినచో ఇంచుమించు ఐదు గంటలలో ద్వీపమున దిగవచ్చును. మన తాతలు వరంగల్లు, కరీంనగరము ప్రాంతములనుండి మగ్గములు విడిచి ఈ ఊరి మిల్లులకు వచ్చుటకు ఇంతకంటె ఎక్కువ కాలమే పట్టినది!

పిల్లలు దేశములు చూచుట తప్పని మేము చెప్పము. అట్లు చెప్పుటకు మనకు అర్హత లేదు. ఊరు విడిచి వచ్చినవారి మనుమలము మనము. కాని గత జనవరిలో జరిగిన యొక సంగతి మమ్ము ఈ వ్యాసము వ్రాయునట్లు చేసినది.

మాకు మిక్కిలి పరిచయమున్న యొక కుటుంబములోని యువకుడు, పూనాలో ఉద్యోగము చేయుచున్నవాడు, ముగ్గురు మిత్రులతో ఫుకెట్ పోయినాడు. పటాంగ్ అను సముద్రతీరమున నీటిపై నడచు మోటారు బండి, దానినే జెట్ స్కీ యందురు, అరగంట కాలమునకు బాడుగకు తీసికొన్నాడు. బండివాడు రెండుసార్లు "నమస్తే భాయ్" అని పలుకరించి, హామీగా పాసుపోర్టు పెట్టమన్నాడు. ఇతడు పెట్టినాడు. అరగంట విహరించి ఒడ్డునకు రాగానే ఆ బండివాడు బండిని ఇసుకమీదికి లాగించి, అడుగుభాగమున నున్న గీతలను చూపి, "దీనిని నీవు రాతికి కొట్టినావు, అరువదివేల బాత్‌లు చెల్లించు" మన్నాడు. క్షణములో ఐదారుగురు చుట్టును మూగినారు. ఒకడు అరచుచున్నాడు, ఒకడు ఫోనులో ఎవరితోనో మాటలాడుచున్నాడు. అంతలో ఇస్త్రీ చొక్కా తొడిగిన మరియొక పెద్దమనిషి వచ్చి, ఇరుపక్షములకు శాంతి చెప్పి, "పోలీసులు వచ్చినచో నీ విమానము తప్పిపోవును, పాపము కుఱ్ఱవాడవు, ఇరువదియెనిమిది వేలకు నేను ఒప్పించెదను" అన్నాడు. ఒకడు వెంటబడి ఏటియం యంత్రము దగ్గరకు తీసికొనిపోయినాడు. మన రూపాయలలో డెబ్బదివేలు చేతులు మారినవి. పాసుపోర్టు తిరిగి వచ్చినది.

ఇంటికి వచ్చి ఆ యువకుడు ఈ సంగతి చెప్పలేదు. మిత్రునికి జ్వరము వచ్చి ఆసుపత్రిలో చేర్చవలసివచ్చినదని చెప్పినాడు. రెండు నెలలకు బ్యాంకు కాగితము తండ్రి చేతబడినప్పుడుగాని నిజము బయటపడలేదు. తండ్రి కోపముతో మా దుకాణమునకు వచ్చినాడు. మేము ఆ సాయంకాలము కుఱ్ఱవానిని పిలిపించి అడుగగా అతడు చెప్పిన మాట ఇది: "పెద్దబాపూ, వాళ్ళ అరుపులకు నేను భయపడలేదు. పోలీసులంటే ఇంటికి ఫోను పోతుందేమో, బాపుకు ఏం జవాబు చెప్పాలె అని భయపడ్డ."

ఈ మాటను మేము చాల దినములు ఆలోచించితిమి. ఆ తీరముననున్న మోసగాడు బండి గీతలను అమ్ముకొనుట లేదు. మన పిల్లవాని సిగ్గును, తొందరను, తండ్రి భయమును అమ్ముకొనుచున్నాడు. అతని మూలధనము మన యింటిలోనే యున్నది.

వ్యాపారము చేయువారికి ఈ వ్యవహారములోని కీలు చూడగనే తెలియవలెను. ఇస్త్రీ చొక్కా తొడిగి వచ్చిన మధ్యవర్తి ఎవరు? దలాలి. ఎవరి దలాలి? అమ్మువాని దలాలి. అరువదివేలనుట ధర కాదు, బేరమునకు ఎత్తిన మాట. ఇరువదియెనిమిది వేలే మొదటినుండియు వారి ధర. కొనువాడు తాను ముప్పదిరెండువేలు మిగుల్చుకొంటినని సంతోషించి పోవుటయే ఈ వర్తకము యొక్క నైపుణ్యము. మా చద్దరుల అంగడిలో ఇరువది సంవత్సరములుగా ఈ బేరము ఎరిగియుండియు, మన పిల్లలకు ఎన్నడును దీనిని బోధించినవారము కాము. చదువు చెప్పించితిమి, తక్కెడ చూచుట నేర్పలేదు.

ఈ జెట్ స్కీ మోసము నిన్న మొన్న పుట్టినది కాదు. 2009లో ఒక బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమము ఫుకెట్‌లో ఇట్టి బెదిరింపును కెమెరాలో పట్టి లోకమునకు చూపినది. అప్పుడు చాల అల్లరి జరిగినది. 2014లో సైనిక ప్రభుత్వము వచ్చిన పిమ్మట ఆ ద్వీపమున టాక్సీ ముఠాలపై దాడులు జరిగినవి, తీరములలోని ఆక్రమణములు తొలగింపబడినవి. అయినను రద్దీకాలము వచ్చుసరికి పాత తంత్రములు మరల తలయెత్తుచునే యున్నవి. నవంబరునుండి ఏప్రిలు వరకు అచట వానలు తగ్గి సముద్రము ప్రశాంతముగా నుండును. అందులోను క్రిస్మసు, నూతన సంవత్సరము నడుమ దినములు మిక్కిలి రద్దీ. యాత్రికుడు నాలుగు దినములే ఉండును, మరల రాడు, న్యాయస్థానమునకు పోవుటకు అతనికి వ్యవధి లేదు. మరల రాని కొనుగోలుదారునితో వ్యాపారము చేయువానికి మంచిపేరుతో పనియేమి? మన ఊరి జాతరలో గాజులమ్మువాడును ఇంతేకదా.

ఇచట మా తప్పును కూడ ఒప్పుకొనవలెను. రెండేండ్ల క్రిందట మేమును సకుటుంబముగా ఆ ద్వీపమునకు పోయితిమి. విమానాశ్రయము ద్వీపమునకు ఉత్తరమున నున్నది, పటాంగ్ తీరము అచటికి ముప్పది కిలోమీటర్లకు పైగా దూరము. తక్కువ ధర యని పదిమంది కలిసి పోవు చిన్న వ్యాను ఎక్కితిమి. నడుమ దారిలో వ్యాను ఒక కార్యాలయము ముందు ఆగినది. హోటలు చిరునామాలు సరిచూచుటకని లోపలికి పిలిచినారు. చల్లని నీరిచ్చి, నవ్వు మొగముతో ఫీఫీ ద్వీపములకు పడవ టిక్కెట్లు, ఏనుగుల ఉద్యానమునకు టిక్కెట్లు మా చేత కొనిపించినారు. పటాంగ్ చేరిన పిదప చూడగా అదే పడవకు వీధిలో ఇంచుమించు సగము ధరయే! మా ఇంటివారు ఈ సంగతిని ఇప్పటికిని బంధువుల యెదుట చెప్పుచునే యుందురు. తప్పించుకొనుట సులభము. దారిలో ఆపిన చోట ఏదియు కొనవలదు. హోటలు పేరు కాగితముపై వ్రాసి చూపి మరల వ్యానులో కూర్చుండవలెను. టాక్సీకైనచో ఫోనులోని గ్రాబ్ వంటి సాధనములో ముందే ధర తెలియును. వీధిలో తిరుగు చిన్న టుక్‌టుక్ బండ్లకు మీటరు ఉండదు, ఎక్కుటకు ముందే ధర ఒప్పుకొనవలెను, ఆ ధర మనిషికా, బండికా యని కూడ అడుగవలెను. ఈ రెండవ ప్రశ్న అడుగక మేము మరియొకసారి మోసపోయితిమి. అది వేరు కథ.

ఇక అసలు విషయమునకు వత్తము. స్కూటరు బాడుగకిచ్చు అంగళ్ళు ఆ ద్వీపమున అడుగడుగున నున్నవి. పెక్కుమంది నిజాయితీపరులే. కాని చాలచోట్ల హామీగా పాసుపోర్టు అడుగుదురు. మన పిల్లలు అడిగినదే తడవుగా ఇచ్చుచున్నారు. మన దేశమునందలి 1967వ సంవత్సరపు పాసుపోర్టుల చట్టము 17వ సెక్షను ప్రకారము పాసుపోర్టు ఎల్లప్పుడును కేంద్ర ప్రభుత్వము యొక్క ఆస్తి. అది మన జేబులో నున్నది గాని మనది కాదు. ఒకరి సొమ్మును మరియొకరి యొద్ద తాకట్టు పెట్టుట మన వర్తకులలో ఎవరికైనను సమ్మతమేనా? పైగా తాకట్టు అనునది వస్తువు విలువకు తగియుండవలెను. ఇన్నూరు, మున్నూరు బాత్‌ల దినబాడుగకు, ఇల్లు చేరుటకు వలయు ఏకైక పత్రమును పెట్టుట ఏ లెక్క? అది చేతిలో నున్నంతసేపు అంగడివాడు చెప్పినదే గీత, చెప్పినదే సొట్ట. అది పోయినచో బ్యాంకాకులోని మన రాయబార కార్యాలయమునకు పోయి, పోలీసు ఫిర్యాదు చూపి, అత్యవసర ప్రయాణపత్రము పొందవలసియుండును. విమానము పోవును, హోటలు ఖర్చు పెరుగును, సెలవు తీరును.

కావున పాసుపోర్టు నకలును, కొంత నగదు హామీని మాత్రమే ఇచ్చెదమని చెప్పవలెను. ఒప్పుకొనని అంగడిని విడిచి ప్రక్క అంగడికి పోవలెను. అంగళ్ళకు అచట కొరత లేదు. తీసికొనునప్పుడు బండిని నాలుగువైపుల, అడుగుభాగము సహితము, అంగడివాని యెదుటనే ఫోనులో చిత్రించుకొనవలెను. తిరిగి ఇచ్చునప్పుడును అట్లే. బేళ్ళు దిగునప్పుడు మనము చినిగినవి, తడిసినవి ఏరి లారీవాని యెదుట చీటీపై వ్రాయించుట లేదా? దీనిలో నామోషీ యేమున్నది? చిత్రించుటకు వద్దనువానిని నమ్మవలదు. రాత్రి బండిని ఆ అంగడివాడు చెప్పిన చోట గాక హోటలు ఆవరణములో నుంచి తాళము వేయుట మేలు. రెండవ తాళముచెవి తన యొద్ద నుంచుకొని, బండిని తానే ఎత్తుకొనిపోయి, దొంగిలింపబడినదని సొమ్మడుగు ధూర్తులును కలరు.

దీనికి తోడు లైసెన్సు సంగతి. అంగడివాడు లైసెన్సు అడుగకపోవచ్చును, అది మనకు మేలని తలచుట పొరపాటు. మన ఆర్.టి.ఓ. కార్యాలయములో అంతర్జాతీయ డ్రైవింగు అనుమతిపత్రము లభించును. మన లైసెన్సులో ద్విచక్రవాహనమునకు అనుమతి యున్నచో అదియు అందులో చేర్చబడును. అది లేకుండ పటాంగ్ కొండదారిలో పడి కాలు విరిగినచో, ప్రయాణ భీమా సంస్థలు సాధారణముగా సొమ్ము చెల్లింపవు. విదేశీ ఆసుపత్రి బిల్లు ముందు జెట్ స్కీ సొమ్ము ఏపాటిది? ఇందు మోసగాడెవడును లేడు, మోసపుచ్చుకొన్నది మనమే.

కొన్ని మోసములు ఇల్లు కదలకముందే మొదలగును. 2025 మే 1వ తేదీనుండి థాయిలాండు పోవు విదేశీయులందరును రాకపత్రమును కంప్యూటరు ద్వారా పూర్తి చేయవలెనని నియమము వచ్చినది. రాకకు ముందు మూడు దినములలో దానిని పూరింపవచ్చును. అందుకు రుసుము లేదు. అయినను ప్రభుత్వ స్థలమును పోలిన నకిలీ స్థలములు సొమ్ము వసూలు చేయుచున్నవి. సొమ్ము అడిగినచో అది ప్రభుత్వముది కాదని గ్రహింపవలెను. రద్దీకాలములో హోటళ్ళు దొరకనప్పుడు, అందమైన బంగళాల చిత్రములు చూపి సగము ధరకిత్తుమని ముందుసొమ్ము పంపించుకొనువారును కలరు. ఇక క్రిస్మసు రాత్రి, సంవత్సరాంతపు రాత్రి చాల హోటళ్ళలో విందు తప్పనిసరియని, తిన్నను తినకున్నను మనిషికింత యని, సన్నని అక్షరములలో వ్రాసియుండును. ఇది మోసము కాదు, మనము చదువకపోవుట.

ఇచట మన సంఘీయులకు ప్రత్యేకముగా ఒక మాట. పరభాషల నడుమ మూడు నాలుగు తరములుగా జీవించుచున్న మనకు తెలుగు మాట వినబడినచో ప్రాణము లేచివచ్చును. రైలులో ఎవరైన "బాగున్నారా" యన్నచో మన డబ్బా విప్పి పెట్టెదము. ఈ గుణము మంచిదే. కాని ఈ గుణమును లెక్కగట్టుకొన్నవారు కలరు. "మనవాడే, తెలుగువాడే" యని నమ్మి రసీదు లేకుండ ఏజెంటునకు ఫోను ద్వారా సొమ్ము పంపిన కుటుంబములు మాకు తెలియును. ఫుకెట్ వీధిలో హిందీ మాటలు, అప్పుడప్పుడు తెలుగు మాటలును నేర్చి పిలుచు టౌటులు కలరు. భాష ఒకటైనంతమాత్రమున రసీదు అడుగుట మానరాదు. మన తెలుగువారిలోనే అంగడిలో అప్పు ఎగవేసినవారి పేర్లు చెప్పుమన్న మా ఖాతాపుస్తకము చాలదు.

పటాంగ్‌లో బాంగ్లా వీధి యని యొకటి కలదు. రాత్రి వాహనములు ఆపివేయుదురు. అచటి సంగతులను కుటుంబ పత్రికలో విస్తరించుట మాకిష్టము లేదు. కాని మౌనము వహించినచో మోసగానికే లాభము గనుక ఒక్కటి చెప్పుచున్నాము. ప్రవేశము ఉచితమని చీటీ చూపి మేడమీది ప్రదర్శనకు పిలుచుదురు. లోపల కూర్చుండిన పిమ్మట పానీయమునకింత, చూచినందుకింత యని బిల్లు వేసి, ద్వారమువద్ద బలిష్ఠులను నిలుపుదురు. ఇంటిలో చెప్పుకొనలేని చోటికి పోయినవాడు ఫిర్యాదు చేయడని వారి ధైర్యము. గంజాయి సంగతియు ఇట్టిదే. 2022 జూనులో ఆ దేశము దానిని మాదకద్రవ్యముల పట్టికనుండి తొలగించుటచే వీధివీధిని అంగళ్ళు వెలసినవి. 2025 జూనులో వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని మరల నిర్బంధించినారు. అంగడి కనబడినంతమాత్రమున అనుమతి యున్నదనుకొనరాదు. పొగవచ్చు ఎలక్ట్రానిక్ సిగరెట్లు అచట నిషిద్ధములు. అయినను సంతలో అమ్మువారుందురు, వీధి చివర పట్టుకొనువారును ఉందురు. ఇక తిరుగు ప్రయాణములో స్నేహితుడైన క్రొత్తవాడు "మా బంధువునకు ఈ మిఠాయి డబ్బా అందింపుడు" అన్నచో, ఎంత మర్యాదగా అడిగినను తీసికొనరాదు. బ్యాంకాకునుండి వచ్చు సామానులో గంజాయి పట్టుబడినవారి వార్తలు మన పత్రికలలో తరచు చదువుచునే యున్నాము. మన దేశములో 1985వ సంవత్సరపు చట్టము క్రింద అది జైలు వ్యవహారము. అచట మధ్యవర్తి రాడు, ఇరువదియెనిమిది వేలకు తెగదు.

అదే దేశమున మరియొక ద్వీపమగు కో ఫంగాన్‌లో, హాద్ రిన్ తీరమున, పౌర్ణమినాటి రాత్రి వేలాది యువజనులు తెల్లవారుదనుక నృత్యము చేయుదురు. మనకు సత్యనారాయణ వ్రతము, వారికి ఇది! బౌద్ధుల పర్వదినము పౌర్ణమినాడే వచ్చినచో ఉత్సవమును ముందునకో వెనుకకో జరుపుదురు గనుక తేదీ విచారించి టిక్కెట్లు కొనవలెను. చిన్న బకెట్టులో మద్యము కలిపి అమ్ముట అచటి వాడుక. త్రాగువారికి మేము నీతి చెప్పబోము. ఇతరులు కలిపి ఇచ్చినది మాత్రము ముట్టరాదు. పాసుపోర్టును, ఎక్కువ సొమ్మును గదిలో తాళము వేసి ఉంచి పోవలెను.

మన సంఘములో కొందరు పెద్దలు "ఇన్ని జాగ్రత్తలెందుకు, పంపకుండుటే మేలు" అందురు. వారి భయము మాకు తెలియును. కాని ఈ కాలమున వద్దన్నచో పిల్లలు పోకుండుట లేదు, చెప్పకుండ పోవుచున్నారు. చెప్పకుండ పోయినవాడే మోసగానికి ఉత్తమమైన గిరాకి. తండ్రి యొద్ద దాచవలసిన రహస్యము మొదటనే యొకటి ఉన్నది గదా. మేము తండ్రులను కోరునది, ప్రయాణమునకు ముందు కుమారుని, కుమార్తెను కూర్చుండబెట్టి ఒక్క వాగ్దానము చేయవలెను: "అక్కడ ఏమి జరిగినను మొదట నాకు ఫోను చేయుము. ఆ రోజు నిన్ను ఒక్క మాట అనను." తిట్టవలసినది ఏమైన ఉన్నచో వచ్చిన తరువాత తిట్టవచ్చును. ఆ యువకుడు ఆ దినమున తీరమునుండి తండ్రికి ఫోను చేసియుండినచో ఏమయ్యెడిది? తండ్రి షోలాపురములో ఉండి ఏమియు చేయలేకపోవచ్చును. కాని ఒక మనిషి ఫోనులో నిలిచియున్నచో తొందర తగ్గును. తొందర తగ్గినచో దలాలి పని సాగదు.

అట్టి చిక్కులో పడినవారు చేయవలసినది కష్టమైనది కాదు. వారితో ఏటియం యంత్రమునకు పోరాదు. అరవరాదు, చేయి చేసికొనరాదు, అచట పదిమంది వారివారే. యాత్రికుల పోలీసు శాఖ సంఖ్య 1155. రాత్రింబవళ్ళు పలుకును. "పోలీసులే రానిండు, ఠాణాకే పోదము" అని నెమ్మదిగా కూర్చుండినచో పెక్కుసారులు అరువదివేలు అచటనే కరగిపోవును. పోలీసులు వచ్చినను బేరమే కుదుర్చుదురని కొందరందురు. కావచ్చును. అయినను ఠాణాలో కాగితము పుట్టును, తీరమున పుట్టదు.

ఆ ద్వీపవాసులందరును దుర్మార్గులని పాఠకులు తలపరాదు. మా పెద్ద కుమార్తె సంతలో మరచిన ఫోనును ఒక పండ్లమ్ము ముసలమ్మ రెండు వీధులు నడచి హోటలుకు తెచ్చియిచ్చినది. బహుమానమిచ్చినచో తీసికొనలేదు, చేతులు జోడించి పోయినది. ఆమె అంగడిలోనే మిగిలిన మూడు దినములును పండ్లు కొంటిమి.

ఈ డిసెంబరులో పోదలచిన యువజనులును, వారి తలిదండ్రులును వచ్చు ఆదివారము సాయంకాలము ఆరు గంటలకు మన సంఘ కార్యాలయమునకు రావలెనని కోరుచున్నాము. పాసుపోర్టు నకళ్ళు, హోటలు చీటీలు, భీమా కాగితములు తెచ్చినచో చదివి చూచుటకు మేమును, చదువుకొన్న మరి యిద్దరు సభ్యులును ఉందుము. పైని చెప్పిన యువకుడు తానే పూనానుండి వచ్చి జరిగినదంతయు చెప్పుటకు అంగీకరించినాడు. పత్రికలో తన పేరు వేయవచ్చునని కూడ అన్నాడు. తండ్రి మాత్రము వలదన్నాడు. ప్రస్తుతమునకు మేము తండ్రి మాటనే మన్నించితిమి.